రెండు గంటలకోసారి

జూన్ 9, సోమవారం

నర్సుగా జాయినింగ్ రిపోర్టు ఇచ్చాను. మగవాళ్ళ మెడికల్ వార్డు. చదువుకునేటప్పుడు ఇలాంటి వార్డుల్లో తిరిగినదాన్నే, కానీ అప్పుడు వెనక ట్యూటర్ ఉండేవారు. ఇవాళ చార్టు కింద సంతకం నాది.

హెడ్ సిస్టర్ ముందుగా చెత్త డబ్బాల దగ్గరికి తీసుకెళ్ళారు. రక్తం అంటిన దూదీ కట్లూ పసుపులో, సెలైన్ గొట్టాలూ యూరిన్ బ్యాగులూ ఎరుపులో, సూదులు తెల్ల డబ్బాలో, గాజు నీలంలో. 2016 నాటి రూల్స్, పరీక్షకి బట్టీపట్టినవే. ఆవిడ ఒక్కమాటే అన్నారు: "సూది తప్పు డబ్బాలో పడితే గుచ్చుకునేది ఊడ్చే మనిషికమ్మా."

జూన్ 10, మంగళవారం

నాడి చూశాక మణికట్టు వదలకుండా, ఛాతీ వైపు చూస్తూ ఊపిరి లెక్కపెడుతున్నాను. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఎవరైనా ఊపిరి మార్చేస్తారు. నిండా ఒక నిమిషం చూడాల్సిందే. పరిస్థితి విషమిస్తుంటే ముందుగా మారేవాటిలో ఊపిరి వేగం ఒకటి. బీపీకి మిషనుంది, ఆక్సిజన్‌కి వేలికి తగిలించే క్లిప్పుంది. ఊపిరికి మాత్రం మంచం పక్కన మనిషి నిలబడాలి.

జూన్ 12, గురువారం

రాజోలు వైపు నుంచి ఒక తాతగారు. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట కూడా పోయింది. తోడుగా మామ్మగారు, కొడుకు. ఊళ్ళో నారుమళ్ళు పోసే రోజులని కొడుకు మనసంతా అక్కడే ఉంది.

పైకి జరపడానికి అతను తాతగారి కుడిచెయ్యి పట్టి లాగబోతుంటే ఆపాను. చచ్చుబడ్డ చేతికి భుజం దగ్గర కండల పట్టు ఉండదు, లాగితే కీలు జారుతుంది. నడుం కింద దుప్పటి మడతపెట్టి వేసి, ఇద్దరూ చెరో వైపు పట్టుకుని జరపాలి. ఒక్కసారి చేసి చూపిస్తే చాలు, పట్టేశాడు.

పక్కకి తిప్పితే నడుం కింద ఎముక మీద ఎర్రగా ఉంది. వేలితో నొక్కి వదిలాను. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే కంగారులేదు. నొక్కినా ఎరుపు పోలేదు. పుండుకి అదే మొదలు. మామ్మగారు కొబ్బరినూనె తీసి గట్టిగా రుద్దబోయారు. రుద్దొద్దన్నాను, లోపల నలిగిన చర్మం ఇంకా దెబ్బతింటుంది.

"మరి అలా ఒగ్గెయ్యమంటావా అమ్మా?"

"ఒగ్గెయ్యొద్దు మామ్మగారూ. రెండు గంటలకోసారి తిప్పుదాం. ఎడం పక్కకి, కుడి పక్కకి."

"ఆయ్, అలాగే," అన్నారు. గడియారం చూడ్డం రాదట. ఫోన్‌లో అలారం పెట్టమని కొడుక్కి చెప్పాను.

జూన్ 13, శుక్రవారం

500 మి.లీ. సెలైన్, 8 గంటలు, మి.లీ.కి 20 చుక్కల సెట్టు: నిమిషానికి 21 చుక్కలు. ఈ లెక్కకి ఇప్పుడు కాగితం అక్కర్లేదు.

జూన్ 15, ఆదివారం

షుగరు రోగి కొడుకు బయట షాపులో నారింజమూత సిరంజిలు కొనుక్కొచ్చాడు. వార్డులో ఉన్నది 40 యూనిట్ల ఇన్సులిన్, దానికి ఎర్రమూతది కావాలి. నారింజమూతది 100 యూనిట్లదానికి. పొరపాటున మార్చి వాడితే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. ఇంటికెళ్ళి సూది వేసేది ఆ అబ్బాయే. రెండూ పక్కపక్కన పెట్టి గీతలు లెక్కపెట్టించాను.

జూన్ 17, మంగళవారం

"కాఫీ అంటే ప్రాణం ఆయనకి. నోట్లో రెండు చుక్కలు పొయ్యనీ అమ్మా," అని మామ్మగారు. తాతగారికి ఇంకా మింగడం రాలేదు. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కుగొట్టంలో పోసేటప్పుడు కూడా తలవైపు ఎత్తి ఉంచాలి, పోశాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. అదంతా చెప్పాను. కానీ ఆవిడ అడిగింది తిండి గురించి కాదు, ఆయనకి కాస్త సుఖం ఇవ్వాలని. గాజుగుడ్డ తడిపి, బాగా పిండి, పెదాలూ చిగుళ్ళూ నాలుకా ఎలా తుడవాలో చూపించాను. తాతగారు కళ్ళు మూసుకుని నోరు ఇంకాస్త తెరిచారు. ఆయనకి మాట రాదు గానీ మనం అనేది అర్థమవుతోంది. అందుకే తిప్పే ముందు "తాతగారూ, తిప్పనా?" అని అడుగుతున్నాను. ఎడంచేత్తో మంచం కమ్మీ పట్టుకుని తనూ సాయం చేస్తున్నారు.

జూన్ 20, శుక్రవారం

నైట్ డ్యూటీ. మంచాల మధ్య చాపలు పరుచుకుని అందరి తాలూకు వాళ్ళూ. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం ఆయా పని అని చిన్నచూపు చూసేవాళ్ళు ఉన్నారు. నాకైతే నర్సింగ్ అంటే ముందు అదే. మన ఆసుపత్రుల్లో ఆ పనిలో ఎక్కువభాగం ఇంటివాళ్ళ చేతుల మీదే జరుగుతోంది, వాళ్ళకి నేర్పేవాళ్ళు మాత్రం తక్కువ. ఇంజెక్షన్‌కి కేటాయించినట్టే దీనికీ టైము కేటాయించాలి.

మరి ఎవరూ లేనివాళ్ళు? 108లో తెచ్చిన ఒకాయనకి పేరైనా తెలీదు. మేల్ నర్సింగ్ ఆర్డర్లీ, నేనూ కలిసి గోరువెచ్చటి నీళ్ళతో ఒళ్ళు తుడిచాం. అర్ధరాత్రి దాటాక నేను ఇంకో మంచం దగ్గర కాన్యులా పెడుతుంటే మామ్మగారు వచ్చారు.

"సిస్టరమ్మా, అలారం మోగింది. మావారిని తిప్పేశాను. ఆ బాబుని తిప్పరా?"

కాన్యులాకి ప్లాస్టర్ వేసి వెళ్ళాను. ఆవిడ దుప్పటి రెండో కొస పట్టుకున్నారు.

జూన్ 24, మంగళవారం

తాతగారి నడుం మీద ఎరుపు తగ్గింది. చర్మం చిట్లలేదు.

హెడ్ సిస్టర్ని అడిగి వార్డు గోడకి ఒక చార్టు రాస్తున్నాను, తెలుగులో, పెద్ద అక్షరాలతో. చదువు రానివాళ్ళకి బొమ్మలు: ఎడం పక్క, వెల్లకిల, కుడి పక్క, పడిపోయిన చెయ్యి కింద దిండు. మడమలు మంచానికి ఆనకుండా పిక్కల కింద మడతదుప్పటి పెట్టే బొమ్మకి చోటు చాల్లేదు. రేపు ఇంకో అట్ట కొనాలి.