పాత తూటాల అడుగు ముద్రలు

షాట్‌గన్ తూటా చూడటానికి బొటనవేలంత గొట్టం. అడుగున ఇత్తడి తొడుగు, దాని నట్టనడుమ చిన్న క్యాప్, పైన కాగితంతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన ఒళ్లు. లోపల అడుగు నుంచి వరుసగా మందు, దానిమీద అట్టబిళ్ల, దట్టమైన ఉన్ని బిళ్ల, ఆపైన సీసపు గుళ్లు ఉంటాయి. మూతి మీద పల్చటి అట్టముక్క పెట్టి, గొట్టం అంచును లోపలికి మడిచి బిగిస్తారు. తుపాకి పేలగానే గుళ్లూ బిళ్లలూ ఎగిరిపోతాయి. కాల్చినవాడు తీసి పారేసేది ఖాళీ గొట్టాన్ని, ఇత్తడి అడుగును. పాత తూటాలు కూడబెట్టేవాళ్లకు కావలసింది సరిగ్గా అదే. ఆ ఇత్తడి అడుగున చుట్టూ అచ్చొత్తిన అక్షరాలు ఉంటాయి: చేసిన కంపెనీ పేరు, ఊరు, బోరు అంకె. కాగితపు ఒంటి మీద రంగు ఉంటుంది, బ్రాండు పేరు ఉంటుంది, ఒక్కోసారి అమ్మిన దుకాణం పేరు కూడా ఉంటుంది. వేట డైరీలు రాసే అలవాటు లేని ఊళ్లలో ఆ తుపాకుల కాలానికి మిగిలిన రాతపత్రం ఇదొక్కటే.

బోరు లెక్క పాతకాలపు తూకం నుంచి వచ్చింది. ఒక పౌను సీసాన్ని సమానంగా 12 గుండ్లు పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే తుపాకి గొట్టం 12 బోరు. వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 20 బోరు తూటా పొరపాటున 12 బోరు గొట్టంలో పడితే ముందుకు జారి ఇరుక్కుపోతుంది. వెనుక మామూలు తూటా పెట్టి కాలిస్తే గొట్టమే బద్దలవుతుంది. ఈ ప్రమాదం తప్పించడానికే 20 బోరుకు పసుపు రంగు వేసే ఆనవాయితీ వచ్చింది. రంగంటే అలంకారమేనని అనుకునేవాళ్లకు ఇది తెలియాలి.

పాత అనంతపురం జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమలో తుపాకి చరిత్ర తూటా కన్నా చాలా పాతది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. ఆ కోట మీద బీజాపూరు, గోల్కొండ సేనలు పదేపదే పడ్డాయి. 18వ శతాబ్దంలో ఈ నేల గుత్తి మురారిరావు చేతిలో ఉండేది. హిందూపురానికి ఆ పేరు ఆయన తండ్రి హిందూరావు పేరు మీదే వచ్చిందని చెబుతారు. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు కలెక్టరు థామస్ మన్రో ముందున్న మొదటి పని పాలెగాళ్ల బలగాలను అణచడం. ఆ బలగాల చేతుల్లో ఉన్నవి జామగ్గి అంటించి పేల్చే తుపాకులు. మూతిలోంచే మందు కొలిచి పోయాలి, పీచో గుడ్డపీలికో కూరాలి, గుళ్లు పోయాలి, మళ్లీ పీచు పెట్టి కడ్డీతో దట్టించాలి. నేటి నాటు తుపాకిదీ ఇదే పద్ధతి, నిప్పు పుట్టించే ఏర్పాటు ఒక్కటే మారింది. పేలిన చోట పొగ తప్ప ఏమీ మిగలదు. మూడు వందల ఏళ్ల తుపాకి వాడకం ఈ గుట్టల్లో సేకరణకర్తకు ఒక్క ముక్క కూడా మిగల్చలేదు. తూటా వచ్చాకే నేల మీద ఆనవాలు పడింది.

ఆ తూటా ఐరోపాలో పుట్టింది. పారిస్ తుపాకుల పనివాడు కాసిమీర్ లెఫోషో 1830లలో మధ్యలో మడిచి వెనుక నుంచి నింపే తుపాకిని, దానికి తగిన తూటాను తయారుచేశాడు. దాని పక్కనుంచి చిన్న ఇత్తడి పిన్ను బయటికి పొడుచుకొచ్చి ఉండేది. సుత్తి ఆ పిన్ను మీద కొడితే లోపలి క్యాప్ పేలేది. జేబులోంచి కింద పడినా పేలే ప్రమాదం దానితో ఉండేది. మరో ఫ్రెంచివాడు క్లెమెంట్ పొటే 1855లో క్యాప్‌ను అడుగు మధ్యలోకి తెచ్చాడు. 1861లో లండన్ వ్యాపారి జార్జ్ డా దాన్ని ఇంగ్లండులో ప్రవేశపెట్టాడు. ఆయన హక్కును ఈలీ అనే తూటాల కంపెనీ కోర్టులో సవాలు చేసి గెలిచింది. అప్పటినుంచి ఆ నమూనా అందరి సొత్తయింది. ఇవాళ్టి తూటా కూడా మౌలికంగా అదే. పిన్ను తూటా ఒక్కటి దొరికినా సేకరణకు పెద్ద గౌరవం.

మన దేశంలో 1878 ఆయుధాల చట్టం తుపాకికి లైసెన్సు తప్పనిసరి చేసింది. అప్పట్లో యూరోపియన్లకు దాని నుంచి మినహాయింపు. పల్లెల్లో తూటా తుపాకి దొరలకు, జమీందార్లకు, పలుకుబడి గల భూస్వాములకు పరిమితమైపోవడానికి ధరతోపాటు ఇదీ కారణం. మద్రాసు రాజధానిలో ఆ సరుకు అమ్మినవాళ్లలో పేరున్నవి రెండు. ఒకటి మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్. జనానికి అది గడియారాల, నగల దుకాణంగానే గుర్తు గానీ, దాని పేరు చెక్కిన తుపాకులు ఇప్పటికీ వేలంపాటల్లో కనిపిస్తుంటాయి. రెండోది ఓక్స్ అండ్ కంపెనీ. 1890ల తొలి ఏళ్లలో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు మీటరు గేజి రైలు నడిచింది. ధర్మవరం నుంచి పాకాలకు మరో దారి పడింది. అటు బెంగళూరు దండు, ఇటు మద్రాసు బజారు రెండూ ఈ మూడు ఊళ్లకు ఒక్క రాత్రి ప్రయాణంలోకి వచ్చాయి. ఓర్ పేరో ఓక్స్ పేరో అచ్చయిన కాగితపు గొట్టం ఈ సీమలో దొరికితే, ఆ రైలు దారిని కూడా గుర్తుచేసుకోవాలి.

తూటా మూతి మీది అట్టముక్క మీద ఒక అంకె ఉంటుంది. అది లోపలి గుళ్ల సైజు. బ్రిటిష్ లెక్కలో 6వ నంబరు గుళ్లు ఒక ఔన్సుకు 270 తూగుతాయి, 4వ నంబరువి 170. ఎస్.ఎస్.జి. అయితే ఔన్సుకు 15, ఎస్.జి. 8, ఎల్.జి. ఆరే ఆరు. ఈ నేల మీద తిరిగే జీవాలను తెలిసినవాడు ఆ అట్టముక్కను చూసి వేట ఏదో చెప్పగలడు. 6వ నంబరు కంజు పిట్టలకు, చెవులపిల్లులకు. 4వ నంబరు చలికాలంలో ధర్మవరం, బుక్కపట్నం లాంటి పెద్ద చెరువుల మీద దిగే బాతులకు. ఎల్.జి. అయితే శెనక్కాయ చేను తవ్విపోసే అడవిపందికి. వేట వినోదంగా ఉన్న చోట చిన్న గుళ్ల తూటాలు, పంట కాపలా ముఖ్యమైన చోట ఎల్.జి.లు ఎక్కువగా మిగలడం సహజం. గుట్టకు ఆనుకుని ఉన్న చేలలో మంచె మీద రాత్రంతా మేలుకునే రైతుకు ఆ ఆరు గుళ్లు సరదా కాదు, ఏడాది తిండి.

అడుగు ముద్రతో కాలం కట్టడం ఈ సేకరణలో అన్నిటికన్నా రుచికరమైన పని. లండన్‌లో ఈలీ సోదరులు 1828లో వ్యాపారం మొదలుపెట్టారు. బర్మింగ్‌హామ్‌లో జార్జ్ కైనాక్ 1862లో కర్మాగారం కట్టాడు. యాభై ఏళ్లకు పైగా ఈ రెండూ పోటీదారులు. 1918లో పేలుడు పదార్థాల కంపెనీలన్నీ కలిసిపోయినప్పుడు ఇవీ ఒకే గూటికి చేరాయి. ఆ సంస్థకు కొంతకాలానికి నోబెల్ ఇండస్ట్రీస్ అనే పేరు వచ్చింది. 1926లో ఐ.సి.ఐ. ఏర్పడి దాన్ని కలుపుకుంది. 1962లో లోహాల విభాగం వేరుపడి ఐ.ఎమ్.ఐ. అయింది. కనుక అడుగున ఈలీ ఒక్కటే ఉంటే అది చాలావరకు మొదటి ప్రపంచయుద్ధానికి ముందుది. ఈలీ-కైనాక్ పక్కన ఐ.సి.ఐ. ఉంటే 1926కూ 1960ల మొదటి ఏళ్లకూ మధ్యది. మన షికారీల నోళ్లలో నానిన ఆల్ఫామాక్స్ ఈ రెండో కాలపు బ్రాండు. మూతి కూడా సాక్ష్యం చెబుతుంది. అంచును గుండ్రంగా లోపలికి చుట్టిన మూతి పాతది. అట్టముక్క లేకుండా నక్షత్రంలా మడతలు పెట్టిన మూతి రెండో ప్రపంచయుద్ధం తర్వాత బాగా వ్యాపించింది. ప్లాస్టిక్ ఒళ్లు 1960లో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ తెచ్చిన మార్పు.

కాగితపు తూటాకు తేమ శత్రువు. వానాకాలంలో కాగితం ఉబ్బి తుపాకి గదిలోకి దూరదు. అందుకే ఈలీ పెగమాయిడ్ అనే నీరంటని కాగితపు గొట్టాలను అమ్మింది. వేడి దేశాలకు మొత్తం ఇత్తడి గొట్టాలూ వచ్చాయి. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో పాత అనంతపురం జిల్లా ఒకటి కావడం ఇక్కడి కాగితపు తూటాలకు కలిసొచ్చింది. కోస్తాలో పచ్చగా చిలుము పట్టే ఇత్తడి ఇక్కడ గోధుమరంగుకు తిరిగి ఆగిపోతుంది. చెదలు మాత్రం ఎక్కడైనా చెదలే. ఇత్తడి గొట్టాలకు ఇంకో ముప్పు వాడుకలోనే ఉంది. ఖాళీ అయినదానికి కొత్త క్యాప్ వేసి నల్ల తుపాకిమందు నింపి మళ్లీ మళ్లీ వాడేవారు. పాత క్యాప్‌లలోని పాదరసపు సమ్మేళనం పేలిన ప్రతిసారీ ఇత్తడిలోకి ఇంకి దాన్ని పెళుసు చేసేది. అంచున నిలువుగా చీలిన గొట్టాల్లో కొన్ని అలా వచ్చినవే. చీలిపోయిందని దాన్ని పక్కన పెట్టకూడదు. కొత్త తూటా కొనే తాహతు లేని చేతుల్లో అది ఎంత పని చేసిందో ఆ చీలికే చెబుతుంది.

పుణె దగ్గర కిర్కీలో 1869లో మొదలైన మందుగుండు కర్మాగారం ముద్ర కె.ఎఫ్. స్వాతంత్ర్యం తర్వాత విదేశీ సరుకు అరుదైపోయాక పల్లెల్లోని 12 బోరు తుపాకులన్నీ దానిమీదే ఆధారపడ్డాయి. కె.ఎఫ్. స్పెషల్, శక్తిమాన్ అనే పేర్లు కోర్టు తీర్పుల్లో సైతం తరచూ కనిపిస్తాయి. 2021 అక్టోబరు నుంచి ఆ కర్మాగారం మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద ఉంది. కె.ఎఫ్. తూటాలు మామూలువని సేకరణకర్తలు చిన్నచూపు చూస్తుంటారు. అది సరికాదు. ఇంగ్లండు తూటాలకు పుస్తకాలున్నాయి, జాబితాలున్నాయి. మనవాళ్ల చేతుల్లో ఎక్కువకాలం ఉన్నది కిర్కీ తూటా.

దానికి ఒక తోబుట్టువు ఉంది, .410 మస్కెట్ తూటా. ఇక్కడ అంకె గొట్టం వ్యాసం, అంగుళాల్లో. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం సైన్యపు .303 రైఫిళ్ల గొట్టాలను నునుపు చేసి, పోలీసులకు, జైలు కాపలావాళ్లకు ఈ మస్కెట్లు తయారుచేసింది. .303 తూటా ఇత్తడిని మెడ నొక్కకుండా తిన్నగా ఉంచి దీనికి గొట్టంగా వాడారు. మస్కెట్టు ఎవరైనా ఎత్తుకుపోయినా దానికి తూటాలు సులువుగా దొరకకూడదన్న జాగ్రత్త దీని వెనుక ఉంది. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయాడు. ఎన్ని తీసుకున్నాడో రికార్డులో రాసిపెట్టి మరీ వెళ్లాడు. తెలుగునేల మీద తూటాల లెక్కకు అంతకన్నా పేరున్న చిట్టా లేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట అనుమతి పత్రాలతో కొంత వేట సాగినా, 1991 సవరణ ఆ తలుపూ మూసేసింది. కృష్ణజింక, ఎలుగుబంటి, చిరుత ఇప్పుడు రక్షిత జీవాలు. హిందూపురానికి దగ్గర్లో చిలమత్తూరు మండలం వీరాపురంలో ఏటా వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలను ఊరివాళ్లే కాపాడుతున్నారు. పంట మీద పడే పందుల బాధ మాత్రం తీరలేదు. ఎన్నికల వేళ లైసెన్సు తుపాకులను తరచూ స్టేషన్లో జమచేయాల్సి వస్తుంది. తూటా సేకరణ ఇక కాల్చడంతో సంబంధం లేని వ్యాపకం, చదువుకు సంబంధించిన పని.

1959 ఆయుధాల చట్టం తూటాలోని భాగాలను కూడా మందుగుండు నిర్వచనంలో కలిపింది. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్నచిన్న భాగాలకు 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కాల్చేసిన, క్యాప్ చితికిన, మందు లేని గొట్టాలతోనే సేకరణ సాగాలి. నూరేళ్లు దాటిన వస్తువుల విషయంలో 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది, వాటిని దేశం దాటించకూడదు. ఐరోపాలో, అమెరికాలో తూటాల అధ్యయనానికే సంఘాలు, పత్రికలు ఉన్నాయి. వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది నమోదు పద్ధతి. ప్రతి గొట్టానికి చీటీ ఉండాలి: అడుగు ముద్ర ఉన్నదున్నట్టు, పొడవు, రంగు, మూతి రకం, అన్నిటికన్నా ముందు ఎక్కడ దొరికింది అన్నది. పెనుకొండ కొండ కింద చేనిలో దొరికిన మామూలు కె.ఎఫ్. గొట్టం, ఎక్కడిదో తెలియని మెరిసే ఈలీ గొట్టం కన్నా విలువైనది. ఇత్తడిని చింతపండుతో తోమడం ఇళ్లలో అలవాటు. చింతపండు మార్కెట్టుకు పేరుపడ్డ హిందూపురంలో చెప్పనక్కరలేదు. తూటా విషయంలో మాత్రం ఆ పని చేయకూడదు. పులుపు లోతులేని అక్షరాలను తినేస్తుంది, పక్కనున్న కాగితాన్ని తడిపి విడదీస్తుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు. నిలువ ఉంచడానికి గాలి ఆడే డబ్బా, చెదలు చేరని అర కావాలి.

పాత ఇళ్లు దించేటప్పుడు, పెద్దలు పోయాక పెట్టెలు విప్పేటప్పుడు కాల్చని తూటాలు కూడా బయటపడుతుంటాయి. వాటిని విప్పి మందు తీయడం, ఎండలో పెట్టడం, క్యాప్ పీకడం ప్రాణాంతకం. వయసు మీరిన క్యాప్ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పలేం. లైసెన్సుదారు చనిపోయాక తుపాకిని, తూటాలను ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేయాలని చట్టంలోని 21వ సెక్షన్ చెబుతుంది. జమచేసే ముందు వాటిని విప్పకుండా అడుగు ముద్ర, ఒంటిమీది అక్షరాలు, మూతి అంకె కనిపించేలా ఫొటోలు తీసుకుంటే, వస్తువు చేతిలో లేకపోయినా దాని సమాచారం చీటీల్లోకి చేరుతుంది.