మూసపోత

సాహిత్యం గురించి మాట్లాడుకునేటప్పుడు ‘మూసపోత’ అన్నది మనకు తిట్టు. ఆ మాటను నేనూ ఎన్ని కథల మీదికి విసిరానో లెక్కలేదు. కిందటి చలికాలం మూడు నెలలపాటు నిజంగానే మూస కట్టి, అందులో పోత పోసి చూశాక, ఇప్పుడా మాట వాడాలంటే కాస్త జంకు కలుగుతోంది.

మేముండేది షికాగో శివార్లలో. మా పక్కింటి పెద్దాయన ఇంటి నేలమాళిగలో పాత ‘ట్రాన్’ ఆట యంత్రం ఉంది. 1982లో, అదే పేరుగల సినిమా వచ్చిన ఏడాదే, బాలీ మిడ్‌వే సంస్థ విడుదల చేసిన ఆట అది. ఎడమచేతికి గుండ్రంగా తిరిగే మీట, కుడిచేతికి తుపాకి పిడిని పోలిన నీలిరంగు పారదర్శక ప్లాస్టిక్ పిడి. అతినీలలోహిత దీపం వెలగగానే ఆ పిడి తానే ఒక దీపమైనట్టు మెరుస్తుంది. ఆ యంత్రానికి అందమంతా అందులోనే ఉంది.

రెండు చెక్కలను మరలతో బిగిస్తే ఆ పిడి. మర దిగేచోట ఒక చెక్క సన్నగా చిట్లింది. ఇటువంటి భాగాలను ఆ రోజుల్లో ఉక్కు అచ్చుల్లోకి కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో ఎక్కించి తీసేవారు. ఇప్పుడు కొత్తగా ఉక్కు అచ్చు చేయించాలంటే వేల డాలర్ల మాట. పదిమందికి కావలసిన వస్తువు కోసం అంత ఖర్చు ఎవరు పెడతారు? సిలికోన్ రబ్బరుతో మూస కట్టి, రెసిన్ పోసి నకలు తీస్తానని నేనే ముందుకు వెళ్ళాను. ఆయన రెండు చెక్కలనూ పాత చేతిరుమాలులో చుట్టి ఇచ్చారు.

మొదటిరోజే తప్పు చేశాను. జిడ్డు పోతుందని అసిటోన్‌తో తుడిచాను. చూస్తూండగానే ఒక చెక్క మసకబారింది. నీటికాగితాన్ని నాలుగువందల నంబరు నుంచి రెండువేల దాకా మార్చి మార్చి రుద్దాక పైభాగం నునుపైంది కానీ, లోపల వెంట్రుకల్లాంటి పగుళ్ళు నిలిచిపోయాయి.

సిలికోన్ మహా నమ్మకస్తురాలు. వేలిముద్రను కూడా వదలదు. కానీ దానికి పైచర్మమే తెలుసు, లోపలి పగుళ్ళు తెలియవు. అందువల్ల నకలు అసలుకంటే బాగా వచ్చే అవకాశం ఏర్పడింది!

అదీ తేలికగా ఏమీ రాలేదు. మొదటి పోత గాలిలోని తేమకు నురగలు కట్టింది. రెండోసారి నలభై పౌన్ల ఒత్తిడి పాత్రలో పెడితే బుడగలు కంటికి కనబడనంతగా నలిగిపోయాయి. రంగు పగటి వెలుగులో అచ్చుగుద్దినట్టు కలిసింది. తీరా అతినీలలోహిత దీపం కింద పెడితే బొగ్గుముక్కలా ఉండిపోయింది. కంటికి కనబడని వెలుగును మింగి, కనబడే వెలుగుగా తిరిగి ఇచ్చే ఫ్లోరసెంట్ రంగు కలపాలన్న సంగతి అప్పుడు తట్టింది. ఆ పాళ్ళు కుదిరేసరికి ఫిబ్రవరి వచ్చింది.

ఒక రాత్రి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఏది ఏదో నాకే తెలియలేదు. కొత్తదాన్ని అసలుదని చెప్పి ఇచ్చేస్తే? మరకొన చిట్లును నేను అతికానంటే సరిపోతుంది. ఆ ఊహ నన్ను వారం రోజులు వదలలేదు. చివరికి చిన్న ఉలితో నకలు లోపలివైపు ‘న’ అని చెక్కాను. చెక్కాక గాని నిద్ర పట్టలేదు.

పెద్దాయనకు జరిగినదంతా చెప్పాను. ఆయన పాత చెక్కను దీపానికి ఎదురుగా పట్టి పగుళ్ళను చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. నకలును బిగించి, యంత్రం వెలిగించి, ఒక ఆట ఆడారు. తరువాత పాతదాన్ని మళ్ళీ రుమాలులో చుట్టి నా చేతికిచ్చారు.

“నీ దగ్గరే ఉంచు. నీ రబ్బరు మూస కొన్నాళ్ళకు చిరిగిపోతుంది కదా. అప్పుడు మళ్ళీ దీన్నే అడగాలి.”

మెట్లెక్కుతుంటే వెనకనుంచి అడిగారు, లోపల చెక్కినది నా పేరులో మొదటి అక్షరమా అని.

కాదని చెప్పాను.