టిల్లరూ, నిమ్మకాయా, తుంగా

మా ఇంటి ముందు ఒక సెంటు కూడా లేని పచ్చిక ఉంది. అందులో సగం తుంగే. కూర్చుని పీకడానికి మోకాళ్ళు ఒప్పుకోక 2023 జూలైలో చిన్న పెట్రోలు టిల్లర్ కొన్నాను. ఒంటి చేత్తో ఎత్తగలిగేంత తేలిక. "ఒక్కసారి తిప్పితే కలుపు వేళ్ళతో సహా పోతుంది సార్" అన్నాడు అమ్మినతను.

ఇంటికి తెచ్చిన రోజు అమావాస్య. "కొత్త మిషను, ఇవాళ వద్దండీ. కనీసం నిమ్మకాయైనా తొక్కించండి" అన్నారు పక్కింటాయన. నేను కావాలనే ఆ రోజే మొదలుపెట్టాను. గంటలో అంతా తిరగేసి, చదును చేసి, మర్నాడు గడ్డి నాటించాను.

మూడు వారాల వానలకి తుంగ మునుపటికంటే ఒత్తుగా లేచింది. "నే చెప్పలా?" అన్నారాయన. కాకతాళీయం అని తప్పించుకోవచ్చు. కానీ కారణం చెప్పలేకపోతే నా మాటకీ ఆయన మాటకీ తేడా ఏముంది?

తవ్వి చూశాను. తుంగ బలమంతా భూమిలో ఉంటుంది. మూలికల కొట్లో తుంగముస్తలని అమ్మేవి దాని దుంపలే. అవి సన్నని కాడలతో గొలుసులా కలిసి ఉంటాయి. గొలుసు తెగనంతకాలం చాలా దుంపలు మొలవకుండా ఉండిపోతాయి. తెగితే ఒక్కో దుంపా ఒక్కో మొక్క. నా టిల్లర్ ఆ గొలుసులన్నీ తెంపి, మెత్తటి తడిమట్టిలో తోటంతా నాటింది. ఇంత శ్రద్ధగా తుంగ సాగు ఎవరూ చేయరు!

ఇది నిజమో కాదో తేలాలిగా. 2024 మే అమావాస్యకి పచ్చిక మధ్య తాడు కట్టి, రెండు సగాలూ ఒకేరోజు దున్నాను. నిమ్మకాయ లేదు. ఒక సగానికి రోజూ నీళ్ళు పెట్టాను. రెండో సగాన్ని ఎండబెట్టి, వారానికోసారి మళ్ళీ తిప్పి, పైకొచ్చిన దుంపలు ఏరేశాను. వానలొచ్చాక తడిసగం నిండా తుంగ, ఎండసగంలో అక్కడక్కడా. పూర్తిగా పోలేదు. తేలిక టిల్లర్ కొన్ని అంగుళాలకు మించి దిగదు, లోతు దుంపలు బతుకుతాయి. అయినా తిథి ఒకటే, ఫలితాలు రెండు.

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉన్నన్నాళ్ళూ వోచరు లేని బిల్లు పాస్ చేయలేదు. పక్కింటాయన నిమ్మకాయకి రుజువు అడిగాను. అమ్మినతని మాటకి మాత్రం అడగలేదు, అందులో ఇంజను ఉంది కాబట్టి. యంత్రం పేరుతో వస్తే మనకి మూఢనమ్మకం కూడా విజ్ఞానంలాగే వినిపిస్తుంది.

పోయిన వేసవిలో పక్కింటాయన టిల్లర్ అడిగి పట్టుకెళ్ళారు. నిమ్మకాయ తొక్కించారు. కానీ మే ఎండల దాకా ఆగారు.