పొద్దున్నే ఫోను

మాది హోసూరు దగ్గర బాగలూరు వైపు ఒక చిన్న పల్లె. ఇంటి వెనకే మా రోజాపూల తోట. నాయన తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, తలకు లైటు కట్టుకొని పూలు కోయను పోతాడు. 20 కాడలకు ఒక కట్ట కట్టి, నీళ్ళ బకెట్లలో నిలబెట్టి, బెంగళూరు పోయే బండికి ఎక్కిస్తాడు. ఇంట్లో అందరికీ కలిపి ఒకటే ఫోను. నీళ్ళలో పడుతుందని నాయన దాన్ని తోటకు తీసుకుపోడు. వ్యాపారి పంపే వాయిస్ మెసేజ్ విని, తోటకు పోయి చెప్పడం నా పని. ఆ తర్వాత చదువుకోవాలి. నేను పదవ తరగతి.

అవ్వ నిద్ర లేస్తూనే రెండు అరచేతులూ చూసుకొని కండ్లకద్దుకొంటుంది. నన్నూ అట్లే చేయమంటుంది. నేనూ అరచేయే చూస్తాను, కాకపోతే అందులో ఫోను ఉంటుంది.

ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు, పూలకు గిరాకీ తగ్గుతుంది. ఆ నెలలో ఒక దినం వ్యాపారి "ఈ పొద్దు 30 కట్టలు చాలు, ఎక్కువ కోయొద్దన్నా" అని మెసేజ్ పెట్టినాడు. నేను అయిదు గంటలకు ఫోను తీసినాను. అది వినాలనే తీసినాను, నిజం. అయితే పైన మా తరగతి గ్రూపు కనిపించింది. లెక్కల పరీక్ష వాయిదా పడిందని ఎవరో రాసినారు, లేదని ఇంకొకరు. అది చదువుతా ఉంటే స్నేహితురాలు పంపిన వీడియో. దాని కింద ఇంకొకటి. ఒక్కొక్కటి అర నిమిషమే, అందుకే ఎంతసేపయిందో తెలియదు. పెద్ద సినిమా అయితే మధ్యలో లేచిపోయేదాన్నేమో! వ్యాపారి మాట గుర్తుకొచ్చేసరికి ఆరుకు పది నిమిషాలుంది. పరుగెత్తినాను. నాయన అప్పటికే 50 కట్టలకు కోసేసినాడు.

కోసిన పువ్వును మళ్ళీ కొమ్మకు అతికించలేము. 20 కట్టలంటే 400 పూలు. వాటిని హోసూరు పూల అంగట్లో వచ్చిన ధరకు ఇచ్చేసినాడు. బండి బాడుగకు సరిపోయింది, అంతే. నన్ను తిట్టలేదు. "యాలమ్మీ ఇంతసేపు?" అని మాత్రం అడిగినాడు. "మెసేజ్ ఇప్పుడే వచ్చింది నాయనా" అన్నాను.

ఆ దినం చదువూ సాగలేదు. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన రేఖ మిగతా రెండు భుజాలను ఒకే నిష్పత్తిలో విభజిస్తుంది. థేల్స్ సిద్ధాంతంలోని ఈ ఒక్క వాక్యాన్నే నాలుగుసార్లు చదివినాను. కండ్లు పుస్తకంలో, మనసు కొంచెం వీడియోల్లో, కొంచెం ఆ బకెట్లలో.

తర్వాత ఒకసారి సైన్సు సారు క్లాసులో ఒక విషయం చెప్పినారు. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరి ఫోన్లు బల్లమీద, కొందరివి జేబులోనో సంచిలోనో, కొందరివి వేరే గదిలో పెట్టించి పరీక్ష పెట్టారు. శబ్దం ఆపేసినా సరే, వేరే గదిలో పెట్టినవాళ్ళే బల్లమీద పెట్టుకొన్నవాళ్ళకంటే బాగా చేశారు. ఆ తర్వాత వేరేవాళ్ళు చేసి చూస్తే అన్నిసార్లూ అట్లా రాలేదని కూడా సారే చెప్పినారు. "మీరే చేసి చూడండి" అన్నారు.

చేసి చూసినాను. మూడు దినాలు మెసేజ్ విని, నాయనకు చెప్పి, ఫోను అవ్వ తలగడ కింద పెట్టి చదివినాను. ఇంకో మూడు దినాలు కొంతసేపు గ్రూపులు, వీడియోలు చూసి తర్వాత చదివినాను. చూసి చదివినప్పుడు ఒక సిద్ధాంతం పుస్తకం మూసి రాయడానికి 50 నిమిషాలు దాటింది. అవ్వ దగ్గర పెట్టినప్పుడు అర గంట. ఇదేమీ గట్టి పరిశోధన కాదు. సిద్ధాంతాలన్నీ ఒకే మాదిరి కష్టంగా ఉండవు, పైగా ఒక దినం కరెంటు పోయింది. అయినా నాకు తేడా తెలిసింది.

పొద్దున ఫోను ముట్టనే ముట్టకూడదని చెప్పడం సులభం. మా ఇంట్లో కుదరదు, పూల ధర అందులోనే వస్తుంది. అందుకని గ్రూపుల శబ్దం ఆపేసి, వ్యాపారి మాట ఒక్కటి విని అవ్వకిస్తున్నాను. మళ్ళీ అడిగితే "కాఫీ తాగినాక చూద్దాం" అంటుంది. ఆదివారాలు మాత్రం అవ్వను ఎట్లో ఒకట్లా ఒప్పించి తీసుకొంటాను.

నాయన కూడా ఈ బడిలోనే తెలుగు చదివినాడు. పత్రిక ఇంటికి వస్తే అట్ట నుండి అట్ట దాకా చదువుతాడు. అంతకు ముందే ఆ 20 కట్టల సంగతి నేనే చెప్పాలని ఉంది. ఇంకా చెప్పలేదు.