ఏడు దాటాక అన్నం

ఈ నెల న్యూస్‌లెటర్‌కి ‘పరీక్షల రోజుల్లో పిల్లలకి ఏం పెట్టాలి’ అని రాసివ్వమని మా బాబు క్లాస్ టీచర్ అడిగారు. రాద్దామని కూర్చుంటే అది రాలేదు, ఇది వచ్చింది. ఏమీ అనుకోకండి.

నేను డైటీషియన్‌ని. నాలుగేళ్లు ఆసుపత్రిలో ఉద్యోగం చేసి, 2018లో గుంటూరు బ్రాడీపేటలో ఒక మెడికల్ షాపు పైన గది అద్దెకు తీసుకుని సొంతంగా కౌన్సెలింగ్ మొదలుపెట్టాను. ఫీజు 400. మొదటి ఆరు నెలలూ నెలకి పది మంది కూడా రాలేదు. వచ్చినవాళ్లు కూడా ‘చార్ట్ రాసివ్వండి, చాలు’ అనేవారు. డాక్టరు గారైతే మాత్రలు రాస్తారు, పరీక్షలు రాస్తారు. ఉత్తి మాటలకి డబ్బులేంటని మనవాళ్ల లెక్క. ఒక పెద్దాయన ఫీజు ఇస్తూ, “మా ఆవిడ రోజూ చెప్పేదే చెప్పావు కదమ్మా” అన్నారు. నిజమే, కాదనలేకపోయాను.

కానీ ఈ పనిలో అసలు సంగతి చార్ట్‌లో లేదు. మొదటిసారి వచ్చినవాళ్లతో ముప్పావుగంట కూర్చుంటాను. నిన్న పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏమేం తిన్నారో అడుగుతాను. మొదటిసారే నిజం చెప్పేవాళ్లు తక్కువ. టీ తిండి లెక్కలోకి రాదు. టీలో చక్కెర అసలే రాదు. మిక్చరు ఎప్పుడూ ‘కొంచెం’. ఆ కొంచెం ఎంతో తెలియడానికి బల్ల మీద మూడు సైజుల గిన్నెలు పెట్టుకున్నాను. “నూనె ఎంత వాడతారు?” అంటే అందరూ “చాలా తక్కువండీ” అంటారు. “నెలకి ఎన్ని ప్యాకెట్లు తెస్తారు, ఇంట్లో ఎంతమంది?” అని అడిగితే అప్పుడు లెక్క బయటికొస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు 528 ఆహార పదార్థాల్లో ఏవి ఎంతున్నాయో పట్టికలు వేసింది. ఆ పుస్తకం ముందు పెట్టుకుని, వాళ్లింట్లో వండుకునే పప్పు, కూర, పచ్చడితోనే రోజుని సర్దాలి. ఓపికతో చేసే పని. ఫోటోకి పనికొచ్చేది కాదు.

అద్దె కట్టడం కష్టమైనప్పుడు మార్కెటింగ్ చేసే ఒక కుర్రాడు పరిచయమయ్యాడు. “మేడమ్, మీరు చెప్పేవి ఎవరూ షేర్ చెయ్యరు. ముందు, తర్వాత ఫోటోలు కావాలి” అన్నాడు. నా దగ్గరికొచ్చే ఒకావిడ ఒప్పుకున్నారు. ‘30 రోజుల్లో 6 కిలోలు’ అని ఫ్లెక్సీ కట్టించాను. అన్నం బాగా తగ్గించిన మొదటి వారంలో తగ్గే బరువులో చాలావరకు నీరేనని నాకు తెలుసు. ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతుంటే దాంతో పాటు ఉన్న నీరూ పోతుంది. తెలిసే కట్టించాను.

తర్వాత రీల్స్. ముప్పై సెకన్లకి మించి ఉండకూడదన్నాడు. ‘రాత్రి ఏడు దాటాక అన్నం ముట్టకండి, నెలలో తేడా చూడండి’ అన్న రీల్‌ని వేలమంది చూశారు. గది బయట కుర్చీలు వేయాల్సి వచ్చింది, ఒక అమ్మాయిని రిసెప్షన్‌లో పెట్టుకున్నాను. పౌడర్ డబ్బాల కంపెనీవాళ్లు కూడా వచ్చారు, డబ్బాకింత కమిషన్ అని. దానికి మాత్రం ఒప్పుకోలేదు. నా గొప్పేమీ కాదు, గదిలో డబ్బాలు పెట్టే చోటు లేదు.

2023 డిసెంబరులో ఒక తల్లి తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని తీసుకొచ్చింది. పాప ప్రేయర్‌లో కళ్లు తిరిగి పడిపోయిందట. రిపోర్టులో హిమోగ్లోబిన్ 8.6. ఆ వయసు ఆడపిల్లకి 12కి తగ్గకూడదు. డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాసి, తిండి సంగతి చూడమని నా దగ్గరికి పంపారు. ఎప్పటిలాగే నిన్నటి రోజు అడిగాను. పొద్దున ఏడింటికి బస్సు, చేతిలో ఒక ఇడ్లీ. పన్నెండున్నరకి లంచ్ బాక్స్. సాయంత్రం స్టడీ అవర్లు. ఇంటికొచ్చేసరికి ఎనిమిది.

“తర్వాత?”

“ఏం తినను.”

“ఎందుకమ్మా?”

వాళ్లమ్మ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. “మీరే చెప్పారు కదా మేడమ్, ఏడు దాటాక తినకూడదని.”

తల్లికి ఆ మాట కొత్త. స్కూల్లో స్నాక్స్ తిన్నానని చెబితే నమ్మిందట. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మర్నాడు పొద్దున ఏడు దాకా, పద్దెనిమిదిన్నర గంటలు. ఎదిగే పిల్ల, నెలనెలా రక్తం పోయే వయసు.

“అది నీలాంటి పిల్లలకి చెప్పింది కాదమ్మా, నలభై దాటి ఇంట్లో కూర్చునే మాలాంటివాళ్లకి” అన్నాను.

“రీల్లో అలా లేదు మేడమ్” అంది. లేదు.

ఆ రోజు ఆవిడ ఫీజు బల్ల మీద పెట్టి వెళ్లారు. తిరిగివ్వాలని కూడా తోచలేదు.

పాపకి ఎనిమిదింటి భోజనం తిరిగి పెట్టించాం. అన్నం, పప్పు, తోటకూర, పైన నిమ్మకాయ పిండుకోవడం, ఒక గుడ్డు. భోజనానికి ముందూ వెనకా గంటసేపు టీ వద్దన్నాను, టీ ఐరన్‌ని ఒంటబట్టనివ్వదు. స్టడీ అవర్ మధ్యలో తినడానికి ఉడికించిన శనగలో, వేరుశనగ చిక్కీనో. మూడు నెలలకి 11.4 వచ్చింది. అందులో నా తోటకూర కంటే డాక్టరు గారి మాత్రలదే పెద్ద వాటా, అది కూడా చెప్పాలి.

రీల్ తీసేశాను, ఫ్లెక్సీ దించేశాను. ఇప్పుడు బోర్డు మీద నా పేరు, చదువు, టైమింగ్స్ మాత్రమే ఉంటాయి. వచ్చేవాళ్లు సగానికి సగం తగ్గారు. రిసెప్షన్ అమ్మాయికి వేరేచోట పని చూసిపెట్టాను. ఇద్దరు డాక్టర్లు షుగర్ పేషెంట్లని పంపుతున్నారు, బాగుపడినవాళ్లు తోడికోడళ్లనో, పక్కింటివాళ్లనో తీసుకొస్తున్నారు. అద్దె వెళ్తోంది. పిల్లలు వస్తే తూకం మిషన్ బల్ల కిందకి తోసేస్తాను. వాళ్లకి బరువు తగ్గే చార్ట్ ఎంత అడిగినా రాయను. ముందు, మీ పిల్లలు రోజులో ఆఖరిసారి ఏ టైముకి తింటున్నారో చూడండి అంటాను. చాలామంది తల్లిదండ్రులు ఆ టైము చెప్పలేరు. మా బాబు విషయంలో నేనూ ఒకసారి చెప్పలేకపోయాను.

తీసేశానన్న మాటే గానీ, రీల్‌ని అప్పటికే ఎవరెవరో దింపుకున్నారు. పోయిన నెల మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనే వచ్చింది, ‘ఉపయోగపడే సమాచారం, అందరికీ పంపండి’ అని. ఇది పిల్లలకి కాదని కింద రాశాను. వెంటనే వరసగా గుడ్ మార్నింగ్‌లు వచ్చి నా మెసేజ్ పైకి వెళ్లిపోయింది.

మీ ఫోన్లోకీ వచ్చి ఉంటే తీసేయండి. తెల్ల కోటు, వెనక ఆకుపచ్చ గోడ, మెడలో ముత్యాల దండ. అది నేనే.