పేరు మార్చుకున్న దాస్యం

దాస్యం అనగానే మనకు ఐగుప్తు గుర్తుకు వస్తుంది. ఫరో కోసం ఇటుకలు చేసిన జనాంగము, అన్నల చేతనే అమ్ముడుపోయిన యోసేపు, ఇవి ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలిసిన సంగతులు. ఇంకొంచెం చదువుకున్నవారికి ఆఫ్రికా నుంచి అమెరికాకు మనుషులను మోసుకుపోయిన ఓడలు గుర్తుకు వస్తాయి. అదంతా ఎక్కడో దూరదేశాల చరిత్ర అనుకొని పుస్తకం మూసివేస్తాము. మన కృష్ణా డెల్టాలో దాని జాడలు ఏమైనా ఉన్నాయా అని చూడటానికి ఈమధ్య కోతల రోజుల్లో మేము ముగ్గురం తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు మూడు రోజులు తిరిగాము. చూచినది, తెలిసికొన్నది పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మొదటి రోజు తెనాలిలో రేపల్లె రైలెక్కాము. 30 కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ దారిలో వేమూరు, భట్టిప్రోలు దాటి రైలు నెమ్మదిగా పోతుంది. ఇరువైపులా వరి కుప్పలు, కాలువలు, తాటిచెట్లు. రేపల్లెలో దిగి బస్సులో నిజాంపట్నం చేరాము. ఈనాడు చేపల హార్బరుగా పేరున్న ఈ రేవుకు 1606లో డచ్చివారు, 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషువారు వర్తకానికి వచ్చారు. వారికి ఇక్కడ కావలసినవి నేత గుడ్డలు. అయితే ఇదే కోరమాండల్ తీరాన దక్షిణంగా ఉన్న పులికాట్, నాగపట్నం రేవుల నుంచి డచ్చి ఓడలు కరవు కాలాల్లో మనుషులను కూడా కొని బటేవియాకు, సింహళానికి తీసుకుపోయాయి. ఆకలికి తాళలేక తల్లిదండ్రులు బిడ్డలను అమ్ముకున్నారు. యోసేపు కథ మన సముద్రతీరాన కూడా జరిగిందన్నమాట.

కరవు అంటే ఏమిటో గుంటూరు జిల్లాకు బాగా తెలుసు. 1832, 1833 సంవత్సరాల్లో వచ్చిన నందన కరవును పెద్దలు డొక్కల కరవు అన్నారు. 5 లక్షల జనాభా ఉన్న జిల్లాలో సుమారు 2 లక్షల మంది చనిపోయారని అంచనా. అదే 1833లో, విల్బర్‌ఫోర్సు మొదలైన భక్తిపరుల ఏళ్ల తరబడి పోరాటం ఫలించి, లండన్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని మన దేశాన్ని ఆ చట్టం వర్తించే చోట్ల నుంచి మినహాయించారు. ఇక్కడి కోర్టులు మనిషిని ఆస్తిగా గుర్తించరాదనే చట్టం రావడానికి 1843 దాకా, బానిసను కలిగి ఉండటం నేరం కావడానికి 1860 నాటి శిక్షాస్మృతి దాకా ఆగవలసి వచ్చింది.

మారిషస్ చెరకు తోటల్లో బానిసలకు విడుదల వచ్చింది. మరి చెరకు ఎవరు నరకాలి? తోటల యజమానుల చూపు మన దేశం మీద పడింది. 1834 నుంచి ఐదేళ్ల ఒప్పందం మీద కూలీలను తీసుకుపోవడం మొదలైంది. చదువురాని మనిషి కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలు, గడువు తీరేవరకు యజమానిని విడిచిపోయే వీలు లేదు. పనికి రాకపోతే జైలు. కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడలెక్కిన తెలుగువారికి మారిషస్‌లో కొరింగీలు అనే పేరు స్థిరపడింది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి జట్టును చేర్చింది. అక్కడి తెలుగు క్రైస్తవ కూలీల మధ్య సేవ చేయడానికి 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు వెళ్లారు. ఈ ఒప్పందపు కూలి పద్ధతి 1917లో ఆగింది. బానిస అనే పేరు పోతుండగానే కూలి అనే పేరుతో ఆ బరువు మరొకరి భుజం మీదికి వచ్చింది.

నిజాంపట్నం పరిసరాల్లో చేపల చెరువులు, రొయ్యల చెరువులు కనుచూపుమేర ఉన్నాయి. గట్ల మీద చిన్న గుడిసెల్లో యానాది కుటుంబాలు కాపలా ఉంటాయి. అలాంటి ఒక కుటుంబంతో కాసేపు మాట్లాడాము. అడ్వాన్సు ఎంత తీసుకున్నారని అడిగితే భర్త చెప్పలేకపోయాడు. లెక్క యజమాని పుస్తకంలో ఉందన్నాడు. పిల్లలు బడికి పోతున్నారా అంటే తల్లి మాట్లాడలేదు. ఆ గుడిసెకు తాళం లేదు, ఆ మనిషి కాళ్లకు సంకెల లేదు. అయినా ఆ పుస్తకంలో లెక్క తేలేదాకా ఆ గట్టు దాటి పోలేరు.

రెండవ రోజు తెనాలిలో గడిపాము. మూడు కాలువల ఊరిది. నాటకాలకు, సినిమాలకు ఎందరో కళాకారులను ఇచ్చి ఆంధ్రా పారిస్ అనిపించుకున్నది. ఈ సిరి అంతా 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కృష్ణ నీరు పారిన తరువాత వచ్చినది. నీటితో పాటు మాగాణి వచ్చింది. మాగాణితో పాటు పాలేర్ల అవసరమూ పెరిగింది. పాలేరుకు ఏడాది జీతం కొన్ని బస్తాల ధాన్యం. పెళ్లికో జబ్బుకో అప్పు తీసుకుంటే అది మరుసటి ఏటి జీతంలోకి, ఆ పై ఏటిలోకి నడిచేది. తండ్రి ముసలివాడైతే కొడుకు ఆ బాకీలో నిలబడేవాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లో ప్రకటించిన మాలపల్లి నవలలో సంగదాసు అలాంటి పాలేరే. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన తరువాత మిషనరీలు పల్లెల్లో పెట్టిన బడులు ఈ విషయంలో గొప్ప మేలు చేశాయి. అక్షరం వచ్చినవాడు తన బాకీ కాగితం తానే చదువుకోగలిగాడు.

తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలు మార్గంలో తొలి మజిలీల్లో ఒకటి చుండూరు. 1991 ఆగస్టు 6న ఇక్కడ ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను కాలువలో, పొలాల్లో పడవేశారు. దానికి ముందు సినిమా హాలులో కాలు తగిలిందన్న చిన్న సంగతి మీద గొడవ రేగి, దళితులను పొలం పనులకు పిలవకుండా వెలివేశారు. చదువుకొని తల ఎత్తి నడిచే యువకులను చూచి ఓర్వలేనితనం అందులో ఉంది. పాలేరుతనం పోయినా, పాలేరు బిడ్డ తలవంచి ఉండాలనే కోరిక పోలేదు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. చనిపోయినవారి సమాధులు ఊరిలోనే ఉన్నాయి. మేము అక్కడ మౌనంగా కొంతసేపు నిలిచి వచ్చాము.

మూడవ రోజు బాపట్ల. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైన ఈ ఊరి తరువాతి స్టేషను స్టూవర్టుపురం. ఆ పేరు వినగానే ఏమి స్ఫురిస్తుందో తెలుగువారికి చెప్పనక్కరలేదు. సినిమాలు ఆ పేరును అలా స్థిరపరిచాయి. ఈ ఊరు ఎలా పుట్టిందో తెలిసినవారు మాత్రం తక్కువ.

ఎరుకలవారు పూర్వం ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని తీరం నుంచి మెట్ట ఊళ్లకు చేరవేసే వర్తకులు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, ఆ పైన రైళ్లు వారి జీవనాధారాన్ని దెబ్బతీశాయి. 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా విస్తరింపజేసి వారిని అందులో చేర్చారు. బిడ్డ పుట్టడంతోనే నేరస్థుల జాతిలో పుట్టినట్టే. వేలిముద్రలు, హాజరు పట్టీలు, ఊరు దాటాలంటే చీటీ. తల్లిదండ్రుల నుంచి పిల్లలను వేరుచేసే అధికారం కూడా చట్టంలో ఉండేది. 1913, 1914 ప్రాంతంలో ఇక్కడ సెటిల్మెంటు ఏర్పడి, మద్రాసు ప్రభుత్వ ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టుకున్నది. దానిని నడిపినది సాల్వేషన్ ఆర్మీ. ఇక్కడి మనుషులు భూములు బాగుచేశారు, చీరాల పొగాకు కంపెనీలో పనిచేశారు.

ఈ చోట మన హృదయాలను మనమే పరీక్షించుకోవాలి. సాల్వేషన్ ఆర్మీవారు బడి పెట్టారు, వ్యాధిగ్రస్థులను ఆదరించారు. బాపట్లలో కుష్ఠురోగుల ఆస్పత్రి, నిడుబ్రోలు ఆస్పత్రి వారి సేవకు సాక్ష్యాలు. అయితే ఒక చేత బైబిలు, ఒక చేత హాజరు పట్టీ పట్టుకున్నప్పుడు, ఎదుట నిలిచిన మనిషికి ఏది ఎక్కువగా కనబడి ఉంటుంది? సువార్త చెప్పడానికి వెళ్లినవారు కాపలావారు కూడా అయ్యారు. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన చెర చెర కాకుండా పోదు. ఈ సత్యాన్ని ఒప్పుకోవడం సంఘానికి అవమానం కాదు.

1952లో ఆ చట్టం రద్దయింది. దాని స్థానంలో రాష్ట్రాల్లో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. 1970లలో గుర్రం జాషువా గారి కుమార్తె హేమలతా లవణం, విజయవాడ నాస్తిక కేంద్రం వారు ఈ ఊరిలో సంస్కరణకు పూనుకున్నారు. దేవుడు లేడనేవారు చేసిన ఈ మంచిపనిని దేవుని నమ్మిన మనం కృతజ్ఞతతో తలచుకోవాలి. ఉద్యోగ దరఖాస్తులో ఊరి పేరు వ్రాయడానికి ఈనాటికీ వెనుకాడేవారు ఉన్నారని అక్కడ విన్నాము. పుట్టుకతో నేరాన్ని ముడిపెట్టే ధోరణిని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కూడా తప్పుపట్టింది. జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలను కొట్టివేసింది.

మా ప్రయాణంలో మాకు తేటపడినది ఇది. దాస్యాన్ని చట్టం రద్దు చేసిన ప్రతిసారీ అది పేరు మార్చుకున్నది. ఒప్పందం అన్నారు, సెటిల్మెంటు అన్నారు, పాలేరుతనం అన్నారు, ఈనాడు అడ్వాన్సు అంటున్నారు. ప్రపంచమంతటా 2021లో 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. గల్ఫు దేశంలో ఇంటి పనికి పోయి పాస్‌పోర్టు యజమానురాలి బీరువాలో పెట్టవలసి వచ్చిన మన అక్కచెల్లెళ్లు కూడా ఆ లెక్కలోనివారే.

కాబట్టి పేరును బట్టి కాక, గుణాన్ని బట్టి దానిని గుర్తుపట్టాలి. బాకీ ఉన్నదని పని మానే వీలు లేకపోవడం, వేరేచోట పనికి పోనివ్వకపోవడం, కనీస వేతనం ఇవ్వకపోవడం, పిల్లలను కూడా బాకీ కింద పనిలో పెట్టడం, వీటిలో ఏది కనబడినా అది వెట్టిచాకిరీ కావచ్చు. 1976 చట్టం ప్రకారం అలాంటి అప్పు చెల్లదు. దానిని వసూలు చేయడమే నేరం. కలెక్టరుకు గాని, ఆర్డీవోకు గాని తెలియజేస్తే విచారించి విడుదల పత్రం ఇవ్వాలి. 2016 పథకం కింద పునరావాసానికి లక్ష నుంచి 3 లక్షల రూపాయల వరకు సాయం ఉన్నది. మన సంఘాల్లో చదువుకున్న యువకులు ఈ ఒక్క దరఖాస్తు వ్రాసిపెట్టినా ఒక కుటుంబం విడుదల పొందుతుంది.

పౌలు ఒనేసిమును తిరిగి పంపుతూ, సహోదరునిగా చేర్చుకొమ్మని ఫిలేమోనుకు వ్రాశాడు. ఆ ఉత్తరం వెళ్లినది ఒక విశ్వాసి ఇంటికే. మన ఇంట అంట్లు తోమే పిల్ల బడికి పోతున్నదా? మన పొలంలో, మన చెరువు గట్టున ఉన్నవాని లెక్క వానికి చదివి వినిపించామా? ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఈ రెండు ప్రశ్నలు వేసుకుందాము.