రామన్నపేట ఉత్తర ధ్రువం దగ్గర లేదు

జియోజాంగోలో మ్యాపు పెట్టి, తన ఊరు కనబడక జుట్టు పీక్కున్నవాళ్ళ కోసం ఈ టపా.

మా రామన్నపేట చుట్టుపక్కల తాగునీటి బోర్ల జాబితా ఒకటి నా చేతికొచ్చింది. ఊరు పేరు, అక్షాంశం, రేఖాంశం, ఫ్లోరైడు ఎంత, అంతే. (2016లో మమ్మల్ని నల్లగొండ నించి యాదాద్రి భువనగిరి జిల్లాలో కలిపారు గానీ, ఆ సంగతి ఫ్లోరైడుకి తెలీదు.) దాన్ని మ్యాపెక్కిద్దామని కూర్చున్నా. ఇలాంటి పనిలో మూడు రకాల తప్పులొస్తాయి.

ఒకటి: చుక్కలు నార్వేకి ఉత్తరాన స్వాల్‌బార్డ్ మంచుదీవుల్లో పడతాయి. రామన్నపేట సుమారు 17.28 ఉత్తరం, 79.08 తూర్పు. అంకెలు తిరగేస్తే తేలేది అక్కడే మరి! మనం అక్షాంశం ముందు చెప్తాం, లీఫ్‌లెట్ కూడా అంతే. జియోజాంగో పాయింటుకీ, జియోజేసన్‌కీ రేఖాంశం ముందుండాలి. 2019లో జిడాల్ 3 వచ్చాక ఇంకో తిరకాసు: 4326కి అక్షాంశమే ముందని అది పట్టుబట్టింది. పాత జాంగో కింద కొత్త జిడాల్ చేరితే, కోడు ముట్టుకోకపోయినా చుక్కలు ఊరు మారతాయి. జాంగో 3.1లో సర్దుకున్నారు.

రెండు: చుక్కలన్నీ ఆఫ్రికా పక్కన సముద్రంలో ఒకే కుప్ప. డిగ్రీలకి 3857 అని ఎస్ఆర్ఐడి తగిలిస్తే, 79 డిగ్రీలు కాస్తా 79 మీటర్లవుతాయి. ఎస్ఆర్ఐడి మార్చడమంటే పేరు మార్చడం, ట్రాన్స్‌ఫామ్ అంటే లెక్క మార్చడం. ఇక్కడ కావలసింది మొదటిదే.

ఇవి మంచి తప్పులు, చూడగానే దొరికిపోతాయి. నన్ను భయపెట్టింది మూడోది. జాబితాలో 17 డిగ్రీల 17 నిమిషాలని 17.17 అని రాసేశారు. నిజానికది 17.283. తేడా 12 కిలోమీటర్ల పైనే! చుక్క మన వైపే, ఏదో ఊళ్ళోనే పడుతుంది. ఎర్రరు లేదు, లాగ్ శుభ్రం. లీటరుకి 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన బోరు మీద వేరే ఊరి మంచినీళ్ళ చుక్క కూర్చుంటే, మ్యాపు నమ్మినవాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు.

ఎలా దొరికిందంటారా? వందల వరసల్లో ఎక్కడా దశాంశం తర్వాతి రెండంకెలు 59 దాటలేదు. అన్నీ నిమిషాలే! గ్రామ సరిహద్దులు తెచ్చి, ప్రతి బోరూ తన ఊళ్ళోనే ఉందా అని ఒక వితిన్ క్వెరీ వేస్తే మిగతావీ బయటపడ్డాయి.

మ్యాపు అందంగా వచ్చిందంటే సరిగ్గా వచ్చిందని కాదు. మీ పట్టికలో కూడా ఆ రెండంకెలు ఓసారి చూసుకోండి.